ఎవాంజలిన్ గారి యాభై అయిదు ఆర్డర్లు

మా షాపులో లామినేషన్ మిషను పాడైపోయిందని అడిగిన వాళ్ళందరికీ చెబుతున్నాను. అది పాడవలేదు. నిక్షేపంలా ఉంది. గుడ్డ కప్పి బల్ల కింద పెట్టేశాను, దాని పక్కనే ఒక గుడ్డసంచీ కూడా ఉంది. ఎందుకు పెట్టావయ్యా అంటే ఎవాంజలిన్ గురించి చెప్పాలి. ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకున్నాను, ఇంక నా వల్ల కాదు.

నా పేరు భానుప్రకాష్. చోడవరం బస్టాండుకి ఎదురు సందులో జెరాక్సు, నెట్ సెంటరు నాదే. టైపు మిషన్ల కాలం నుంచీ ముప్ఫై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల వాళ్ళ బయోడేటాలు కొడుతున్నాను. మా వైపు వాళ్ళకి బయోడేటా రాయించుకోవడం చేతకాదు, ఇది నా గట్టి అభిప్రాయం. పంచదార ఫ్యాక్టరీలో నాలుగు సీజన్లు కాటా దగ్గర చీటీలు రాసినవాడు వచ్చి, "ఏటీ సెయ్యలేదండి, ఖాళీగానే ఉన్నాను" అంటాడు. జనాభా లెక్కలకి ఎండలో ఊళ్ళు తిరిగినవాడూ అదే మాట. పర్మినెంటు కాకపోతే అది పనే కాదని వీళ్ళ లెక్క. నాకు ఒళ్ళు మండిపోయేది. "ఒరే, నాలుగు నెలలు సేస్తే నాలుగు నెలలు సేసేనని రాయించుకోవాలిరా, అది నీ కష్టం!" అని కసిరి, గుచ్చి గుచ్చి అడిగి, అన్నీ బయటికి లాగి ఎక్కించేవాణ్ణి. నేను కొట్టిన బయోడేటాతో ఉద్యోగాలు వచ్చినవాళ్ళు కె.కోటపాడు నుంచి విశాఖపట్నం దాకా ఉన్నారు. అందువల్ల నాకు కాస్త పొగరు కూడా ఉంది, దాచుకోవడం దేనికి.

ఎవాంజలిన్‌ది బుచ్చయ్యపేట దగ్గర ఊరు. తండ్రి దావీదు వడ్రంగి, ఎప్పుడో పోయాడు. తల్లి మణెమ్మ, తనూ చోడవరంలో చర్చి వెనక అద్దెకుండేవారు. విశాఖపట్నంలో ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదివి, అక్కడే ప్రైవేటు ల్యాబుల్లో పదేళ్ళు చేసింది. పదేళ్ళూ పనిచేసినట్టు ఒక్కడూ చిన్న కాగితం ముక్క ఇవ్వలేదు. ముప్ఫై రెండో ఏట, అంటే రెండువేల పదిలో, తాగునీళ్ళు పరీక్ష చేసే ఒక సర్కారు ల్యాబులో టెంపరరీగా తీసుకున్నారు. ఆ ఆఫీసు పేరు చెప్పను. చెబితే అక్కడ ఇంకా అలాగే పనిచేస్తున్న వాళ్ళకి ఇబ్బంది.

ఊళ్ళమీదికి వెళ్ళి బోర్లలో, కుళాయిల్లో నీళ్ళు సీసాలకి పట్టుకురావాలి, పరీక్ష చేయాలి, తాగొచ్చో తాగకూడదో రాయాలి. అదీ ఉద్యోగం. రోలుగుంట వైపు ఒక ఊళ్ళో బడి పక్కన బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువుందని తేల్చి, తనే డబ్బా పట్టుకెళ్ళి పంపు హ్యాండిల్‌కి ఎర్ర రంగు కొట్టేసింది. ఎర్ర రంగుంటే తాగకూడదని గుర్తు. ఊరి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మీదికొచ్చి నానా మాటలూ అన్నారు. ఈవిడ కొత్త బోరు పడేదాకా ఆ ఊరికీ ఆఫీసుకీ మధ్య కాళ్ళరిగేలా తిరిగింది. నా షాపుకి వస్తే నా మంచినీళ్ళ క్యాను వైపు చూసి, "ఇది కడిగి ఎన్నాళ్ళయిందన్నయ్య గారూ?" అనేది. సిగ్గుపడి అప్పటికప్పుడు కడిగించేవాణ్ణి.

ఆవిడ షాపుకి ఎందుకొచ్చేదంటే, ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. టెంపరరీ వాళ్ళకి ఎనభై తొమ్మిది రోజులకే ఆర్డరిస్తారు. అది అయిపోయాక ఒక రోజు ఖాళీ. దాన్ని బ్రేకు అంటారు. మర్నాడు మళ్ళీ ఎనభై తొమ్మిది రోజులకి కొత్త ఆర్డరు. వరసగా చేశామని, మమ్మల్ని పర్మినెంటు చెయ్యండని ఎవరూ కోర్టుకెక్కకుండా ఈ ఏర్పాటు. బ్రేకు రోజున హాజరు పుస్తకంలో సంతకం పెట్టకూడదు. పనికి మాత్రం రావాలి, ఎందుకంటే పట్టుకొచ్చిన నీళ్ళు ఆ రోజే పరీక్ష చేయకపోతే పనికిరావు. ఈవిడ ఒక్క బ్రేకు రోజు కూడా ఇంట్లో కూర్చోలేదు.

కొత్త ఆర్డరు వచ్చిన సాయంత్రం దాన్ని లామినేషన్ చేయించడానికి నా దగ్గరికి వచ్చేది. మొదటిసారి నాకు నవ్వొచ్చింది. "ఎనభై తొమ్మిది రోజుల కాయితానికి వందేళ్ళ ప్లాస్టిక్ ఎందుకు తల్లీ?" అన్నాను.

"నవ్వకండన్నయ్య గారూ. పర్మినెంటు సేసినపుడు ఇవన్నీ సూపించాల కదండి. నలిగిపోతే ఎవులు నమ్ముతారు?" అంది.

అలా మూడు నెలలకోసారి వచ్చేది. కరోనా రోజుల్లో షట్టరు సగం దించి చేసిచ్చాను. సంబంధాలు వచ్చేవి, అవతలివాళ్ళు మొదటే "పర్మినెంటా?" అని అడిగేవారు, ఈవిడ ఉన్నదున్నట్టు కాదనేది. కొన్నాళ్ళకి అడిగేవాళ్ళు కూడా మానేశారు. మణెమ్మ ఒకసారి నా దగ్గర వాపోయింది. "దానికి అబద్ధం ఆడ్డం రాదు బాబూ. ఆళ్ళ నాన్న పోలిక."

కిందటేడాది ఫిబ్రవరిలో నోటిఫికేషన్ పడింది. అదే పని, అవే పోస్టులు, పర్మినెంటువి, మొత్తం మూడు. రాత పరీక్ష మార్కులకి తోడు, టెంపరరీగా ఎడతెగకుండా చేసిన ప్రతి ఆరు నెలలకీ అదనపు మార్కులు కలుపుతామన్నారు. ఎవాంజలిన్‌కి అప్పటికి నలభై ఆరు. వయసు రాయితీలన్నీ కలుపుకున్నా జులై దాటితే ఇంకెప్పుడూ అప్లికేషన్ పెట్టడానికే వీల్లేదు. ఇదొక్కటే మిగిలింది.

ఆఖరి రోజు సాయంత్రం వచ్చింది, ఆఫీసు వదిలేసరికి అంతయిందట. గుడ్డసంచీలో యాభై అయిదు ఆర్డర్లు. షాపునిండా జనం, సర్వరేమో ఎక్కుతూ దిగుతూ ఉంది, నేనేమో అందరిమీదా అరుస్తున్నాను. ఫారం నింపుతూ అనుభవం దగ్గరకొచ్చేసరికి చూస్తే అయిదే గళ్ళు. ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు. యాభై అయిదు ఆర్డర్లు అయిదు గళ్ళలో ఎలా పడతాయి?

"ఆఖరి అయిదు ఆర్డర్లూ ఎయ్యండన్నయ్య గారూ," అంది.

"పిచ్చెక్కిందేటమ్మా? పద్నాలుగేళ్ళు చేసి, ఏడాది చేసేనని చెప్పుకుంటావా? అందులోనూ ఎనభై తొమ్మిది రోజులంటే ఆరు నెలలు నిండదు. ఒక్క మార్కు కలవదు నీకు."

"కలవకపోతే పోనీండి. పరీక్షలో వచ్చినన్ని సాలు నాకు. ఉన్నది రాయండి."

నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళుగా నేను తిడుతూ వస్తున్నది ఈ బుద్ధినే కదా. బంగారంలాంటి కష్టాన్ని చేతులారా పారబోసుకుంటోంది, దీనికేం తెలుసు అనుకున్నాను. మొదటి గడిలో రెండువేల పది అక్టోబర్ పద్నాలుగు నుంచి నేటి వరకు అని కొట్టేశాను. మిగతా నాలుగు గళ్ళూ ఖాళీగా వదిలేశాను. నా మనసులో అది మోసం కాదు. ఆ మనిషి నిజంగా ఒక్క రోజు మానలేదు, అది నాకు తెలుసు.

వెనక నుంచి ఆవిడ అడిగింది. "బ్రేకులు రాసేరా అన్నయ్య గారూ?"

అవతల ఎవడో "మాదెప్పుడు సార్?" అని గొణుగుతున్నాడు. "ఉంది లేమ్మా," అన్నాను.

అంతే. ఆ రెండు మాటలే. నా నోట్లో మట్టి పడ, కనీసం తల తిప్పి ఆవిడ మొహం చూసి కూడా అనలేదు. ప్రింటు తీసి సంతకం పెట్టమన్నాను. "సదూకోమ్మా ఒకసారి" అని మాటవరసకి అన్నాను. "మీరు సూసేరు కదా, మరేటి," అని సంతకం పెట్టి, మడిచి సంచీలో పెట్టుకుంది.

మార్చిలో పరీక్ష రాసింది. అరవై ఒక్క మార్కులొచ్చాయి. మణెమ్మ ఒక కొత్త బెల్లం దిమ్మ కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మా పాస్టరు గారు ప్రార్థన సేసేరు బాబూ. ఈపాలి నా గుంటకి తప్పకుండా వస్తాదన్నారు," అంది. నేను కూడా మీసం తిప్పాను. అనుభవం మార్కులు కూడా కలిస్తే మొదటి పేరు మనదే అన్నాను. ఆ బెల్లం అక్కడే విరిచి షాపులో అందరికీ పంచిపెట్టాను.

ఏప్రిల్‌లో సర్టిఫికెట్ల పరిశీలనకి విశాఖపట్నం రమ్మన్నారు. నాకూ జెరాక్సు మిషను సరుకు కొనే పని ఉండి ఒకే బస్సులో వెళ్ళాం. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇస్త్రీ చేసిన లేత నీలం చీర. "అన్నీ వరసగా సద్దేనన్నయ్య గారూ, ఒక్కటి పోలేదు," అంది. నేను పని చూసుకుని మధ్యాహ్నానికి ఆ ఆఫీసు దగ్గరికి వెళ్ళేసరికి వరండాలో బెంచీ మీద ఉంది. సంచీ మూతి తెరిచే ఉంది. కొన్ని ఆర్డర్లు ఒళ్ళో ఉన్నాయి.

ఏమైందమ్మా అన్నాను. మెల్లగా చెప్పింది. మిగతావాళ్ళు ఆఫీసు నుంచి ఒక్క సర్టిఫికెట్ తెచ్చుకుని వెళ్ళిపోయారట. ఈవిడ మాత్రం యాభై అయిదు ఆర్డర్లూ బల్ల మీద పరిచింది. ఆఫీసరు ఒక్కొక్కటీ చూసి, "ఎడతెగకుండా చేసినట్టు రాశారు, ఇన్నిచోట్ల బ్రేకు ఉందేమ్మా?" అన్నాడట. "అవును సార్, అదీ రాయించేను," అందట ఈవిడ, ధైర్యంగానే. అప్పుడాయన అప్లికేషన్ తిప్పి ఈవిడకి చూపించాడు. ఒక్క గడి. అక్టోబర్ పద్నాలుగు నుంచి నేటి వరకు.

నా తల కొట్టేసినట్టయింది. సరాసరి లోపలికి వెళ్ళిపోయాను. బంట్రోతు ఆపుతున్నా వినలేదు. "సార్, తప్పు నాది. ఆవిడ బ్రేకులు రాయమనే చెప్పింది. నేను నెట్ సెంటరు వాణ్ణి, నేనే కొట్టేను. కావాలంటే అనుభవం మార్కులు మొత్తం తీసెయ్యండి. ఆవిణ్ణి మాత్రం తియ్యకండి," అన్నాను.

ఆయన కసురుకోలేదు. కసురుకుంటే బాగుండేది. "కూర్చోండి. దీని మీద సంతకం ఎవరిది?"

"ఆవిడదే సార్."

"పైన ఏం రాసుందో చదవండి."

చదవక్కర్లేదు, ముప్ఫై ఏళ్ళుగా కొడుతున్నాను, కంఠతా వచ్చు. పై వివరాలన్నీ నేను స్వయంగా చదివాను, అవి నిజమని ధ్రువీకరిస్తున్నాను, తప్పని తేలితే నా అభ్యర్థిత్వం రద్దు చేయవచ్చు.

"ఇందులో మీకు చోటు లేదండి. నాకూ బాధగానే ఉంది. ఇదే తప్పు మీద పొద్దున్న ఇంకొకరిని తీసేశాను. ఈవిణ్ణి ఉంచితే వాళ్ళకి ఏం సమాధానం చెప్పను?" అన్నాడు.

తిరుగు బస్సులో పక్కన కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఒక సీటు వెనక కూర్చున్నాను. సబ్బవరం దాటాక ముందుకి వంగి, "తప్పు నాదేనమ్మా," అన్నాను.

ఆవిడ తల తిప్పలేదు. "బ్రేకులు రాసేరా అని అడిగేను కదన్నయ్య గారూ," అంది. ఒక్క తిట్టు తిట్టినా నా ప్రాణం కుదుటపడేది.

మే నెలలో లిస్టు పెట్టారు. నేనే నెట్‌లో తెరిచి చూశాను. మొదటి రెండు పేర్లకీ డెబ్బై దాటి ఉన్నాయి. మూడో పేరుకి అనుభవం మార్కులు సున్నా, పరీక్ష మార్కులు యాభై ఎనిమిది. మళ్ళీ చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూశాను. యాభై ఎనిమిదే. ఎవాంజలిన్ చెప్పినట్టు ఆ ఆఖరి అయిదు ఆర్డర్లే వేసి ఊరుకుని ఉంటే, ఒక్క మార్కు కలవకపోయినా, అరవై ఒకటితో ఆ మూడో పోస్టు ఆవిడదే. నేను కలపాలని చూసిన మార్కులు ఆవిడకి అక్కర్లేదు. ఆ రోజు షాపు మూసేశాను.

ఈ సంగతి ఆవిడకి తెలియకుండా ఉంటే బాగుండుననుకున్నాను. ఎక్కడ ఆగుతుంది? రెండో రోజు మణెమ్మ వచ్చింది. షాపులో నలుగురుండగానే గుమ్మంలో నిలబడింది.

"ఆ ఆఖరి మనిషికి మా దాని కన్నా తక్కువంట కదా బాబూ?"

నేను కుర్చీలోంచి లేచాను.

"అది సెప్పినట్టు రాస్తే నీ సొమ్మేటి పోయింది? అయిదు గళ్ళున్నాయి, అయిదు కాయితాలు ఎయ్యమంది. అంతకన్నా అదేటి అడిగింది నిన్ను? అన్నయ్యా అన్నయ్యా అని పద్నాలుగేళ్ళు తిరిగింది నీ గుమ్మం సుట్టూ. నా గుంటని నిలువునా ముంచేసేవు. నువ్వు సెడ్డోడివైతే నాలుగు శాపనార్థాలు పెట్టి పోదును. నువ్వు మంచోడివే, అదే నా కరమ. నిన్ను తిట్టుకోడానికి కూడా నాకు లేదు," అని గుమ్మం మీద కూలబడి ఏడ్చింది. లోపలున్న వాళ్ళు ఒక్కొక్కరే లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను క్యాను దగ్గరికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాను. తాగలేదు.

అంతటితోనూ పోలేదు. తప్పుడు సమాచారం ఇచ్చిందని పైనుంచి ఆవిడ పనిచేసే ఆఫీసుకి లెటరు వచ్చింది. యాభై అయిదో ఆర్డరు తర్వాత ఇంకొకటి నడుస్తోంది కాబట్టి అది అయ్యేదాకా ఉంచారు. అయిపోయిన మర్నాడు, అంటే బ్రేకు రోజున, అలవాటు ప్రకారం వెళ్ళి సీసాలు కడిగి, వచ్చిన నీళ్ళన్నీ పరీక్ష చేసి రాసిచ్చింది. ఆ మర్నాడు కొత్త ఆర్డరు రాలేదు. చివరిగా చేసిన ఆ రోజు పని ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఆఖరి ఆర్డరు లామినేషన్‌కి కూడా నా దగ్గరికి తేలేదు, అందుకే సంచీలో యాభై అయిదే ఉన్నాయి.

నాలుగు నెలల తర్వాత, మిట్టమధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు వచ్చింది. చిక్కిపోయింది. సంచీ బల్ల మీద పెట్టింది.

"ఇవి మీ దగ్గర ఉంచండి సార్. ఇంట్లో ఉంటే మా అమ్మ తీసి సూసి ఏడుస్తంది. పారెయ్యడానికి నాకు సేతులు రావట్లేదు."

సార్ అంది. పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ నన్ను అలా పిలవలేదు. నేను సంచీ అందుకుని, ఎక్కడ పెట్టాలో తెలీక, అప్పటికే బల్ల కింద దాచేసిన లామినేషన్ మిషను పక్కన పెట్టాను.

"ఒక బయోడేటా కొట్టాల సార్. వాటర్ క్యాన్ల ప్లాంటులో ఒక మనిషి కావాలన్నారు."

కూర్చున్నాను. పేరు కొట్టాను. తండ్రి పేరు, కీ.శే. దావీదు. పుట్టిన తేదీ, చదువు, అడ్రసు అన్నీ కొట్టాను. ఆవిడని అడగక్కర్లేదు, అన్నీ నాకు తెలుసు. అనుభవం దగ్గరకొచ్చి ఆగాను. ఈసారి యాభై అయిదూ రాస్తాను, తేదీలతో సహా రాస్తాను, ఎన్ని పేజీలైనా సరే అనుకుని, "చెప్పమ్మా, ఎలా రాయమంటావు?" అన్నాను.

"ఏటీ రాయకండి. ఫ్రెషర్ అని పెట్టండి."

"అదేటమ్మా! పద్నాలుగేళ్ళు..."

"రాస్తే ఆఫీసుకి ఫోను సేస్తారు సార్. ఎందుకు మానేసిందని అడుగుతారు. ఆళ్ళు ఆ లెటరు సంగతి సెప్తారు. రాయకపోతే ఎవులూ అడగరు." బల్ల కింద సంచీ వైపు చూసి, "ఉన్నది రాయమంటే పోయింది కదా. ఇంక లేదనే రాయండి," అంది.

నాలుగు నెలలు చేస్తే నాలుగు నెలలని రాయించుకోవాలిరా అని ఊరందరినీ తిట్టినవాణ్ణి, నలభై ఏడు నిండిన మనిషికి ఫ్రెషర్ అని కొట్టాను. ప్రింటు తియ్యబోతుంటే, "ఒక్క నిమిషం సార్," అని బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. స్క్రీను మీద వేలు పెట్టి, పేరు దగ్గర్నుంచి ఒక్కో వరసా పెదాలు కదుపుతూ చదువుకుంది. నేను కొట్టిన దాన్ని ఆవిడ చదవడం అదే మొదటిసారి. ఆఖరి వరసదాకా వచ్చాక నా మొహంలోకి చూసింది.

"ఇందులో ఇంకేటీ లేదు కదా సార్?"

"లేదమ్మా," అన్నాను. ఈసారి తల తిప్పి, ఆవిడ మొహం చూసి, నిజమే చెప్పాను.